కడ్డీ మీద గీత

నేను సంతకం పెట్టిన ఒక కాగితం వల్ల, ఏ తప్పూ చేయని మనిషి ఊరందరి ముందూ తప్పు చేసినవాడిగా నిలబడ్డాడు. ఇంట్లో పెళ్లాం ముందు కూడా. అది ఎలా జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పాల్వంచ శివార్లలో ఒక చిన్న తుపాకుల కంపెనీలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. చివరి పదేళ్లు హెడ్ మేస్త్రీని నేనే, గొట్టాలు పరీక్ష చేసి ముద్ర వేసిందీ నేనే. ఐటీఐ పాసై ఇలాంటి పనుల్లోకి వెళ్లేవాళ్లు అప్పుడప్పుడు ఫోను చేసి, "సార్, పనెట్లా ఉంటది?" అని అడుగుతారు. జీతం సంగతి, ప్రమోషన్ సంగతి చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. నేను చెప్పేది ఇదొక్కటే. కోపంగానే చెబుతాను. శాంతంగా చెప్పడం నాకు చేతకాదు, చేతనైనా ఈ విషయంలో చెప్పను.

మేం చేసిన సరుకు

తుపాకుల కంపెనీ అనగానే జనం ఏవేవో ఊహించుకుంటారు. మాది ఒక రేకుల షెడ్డు. రెండు లేతు మిషన్లు, ఒక కొలిమి, కొయ్యపనికి ఇద్దరు వడ్రంగులు. ప్రభుత్వ లైసెన్సు మీద మేం చేసింది ఒకటే రకం: మూతి వైపు నుంచి మందు పోసి దట్టించే ఒంటి గొట్టం తుపాకీ. పంట కాపలాకు లైసెన్సు ఉన్న రైతులు కొనేవాళ్లు. మొక్కజొన్న చేలో పందులు పడితే ఒక మోత మోగించాలి, అంతకు మించి దానితో పెద్ద పనేం లేదు. పెనుబల్లి వైపు మామిడితోటల ఆసాముల నుంచి దుమ్ముగూడెం అవతల కోయగూడేల దాకా మా తుపాకీ ఉండేది.

ప్రతి గొట్టాన్నీ పరీక్ష చేసేవాళ్లం. లారీ టైరుకు కట్టి, మామూలు కొలతకు రెండింతలు మందు పోసి, గోడ చాటు నుంచి తాడు లాగేవాళ్లం. గొట్టం ఉబ్బకుండా ఉంటే ముద్ర, ఉబ్బితే తుక్కులోకి. నేను ముద్ర వేసిన గొట్టం మీద నాకు గర్వం ఉండేది. ఆ గర్వమే తర్వాత కళ్లు మూసింది, ఆ సంగతికి వస్తాను.

ఈ రకం తుపాకీని తెరిచి లోపల ఏముందో చూడలేం. దట్టించి ఉందో, ఖాళీగా ఉందో పైకి తెలియదు. నాకు పని నేర్పిన ఖాదర్ సాబ్ దానికొక ఉపాయం పెట్టాడు. ప్రతి తుపాకీతో పాటు మందు దట్టించే ఇనుప కడ్డీ ఒకటి ఇస్తాం కదా, సరిగ్గా ఒక కొలత మందు దట్టించి, ఆ కడ్డీని లోపలికి దించి, గొట్టం అంచు దగ్గర ఆకురాయితో కడ్డీ మీద ఒక గీత గీసేవాడు. కొన్నవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. "గీత మునిగితే ఖాళీ. గీత అంచు కాడ ఆగితే ఒక్క దఫా దట్టించి ఉన్నట్టు. గీత పైకి లేస్తే ఇగ ముట్టకు, సీదా నా దగ్గరికి తీస్కరా." అక్షరం ముక్క రాని మనిషికి కూడా అర్థమయ్యేది. దట్టించిన మందును పేల్చకుండా బయటికి తీయాలంటే కొసన మర ఉన్న కడ్డీ ఇంకొకటి కావాలి, అది మా షెడ్డులో మాత్రమే ఉండేది.

గీత ఎలా పోయింది

మా యజమాని వీరభద్రం గారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని స్థిరపడిన కుటుంబం. చెడ్డవాడని అనను. పండక్కి బట్టలు పెట్టేవాడు, జ్వరమొస్తే జీపు పంపేవాడు. ఖాదర్ సాబ్ పోయిన ఏడాదికి ఖమ్మం డీలరు ఒకడు సరుకు తిప్పి పంపాడు. కడ్డీలకు గీతలు పడ్డాయనీ, కొనేవాళ్లు వాడిన సరుకు అనుకుంటున్నారనీ ఫిర్యాదు.

వీరభద్రం గారు కడ్డీ ఒకటి నా ముందు పెట్టారు. "ఏమయ్యా, గీసుకుపోయిన సరుకు అమ్ముతున్నామా మనం? రేపట్నుంచి వార్నిషు కొట్టిన కడ్డీలు బయట్నుంచి తెప్పిస్తాను. మీకూ పని తగ్గుద్ది."

"అది మేం కావాలని పెట్టేదండీ. లోపల మందు ఉందో లేదో దాంతోనే తెలుస్తది" అన్నాను.

"దట్టించినవాడికి గుర్తుండదా? వాడి తుపాకీలో ఏముందో వాడికి తెలీదా?"

తుపాకీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోతుందనీ, అప్పుడు ఎవడికీ ఏమీ గుర్తుండదనీ మర్నాడు స్నానం చేస్తుంటే తోచింది. తోచినా వెళ్లి చెప్పలేదు. భయపడి ఊరుకున్నానంటే కొంచెం మర్యాదగా ఉంటుంది గానీ అది భయం కాదు, బద్ధకం. ఇప్పుడీ పొట్లాట దేనికిలే అనుకున్నాను. నిగనిగలాడే కడ్డీలు వచ్చాయి, మేం వాటిని తుపాకులకు తగిలించి పంపేశాం.

పనిలోకి కొత్తగా వెళ్లేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీరు చేసేదాంట్లో పుస్తకంలో లేని పని ఒకటి ఉంటుంది, పాతవాళ్లు ఎందుకో పెట్టి ఉంటారు. దాన్ని తీసేయమన్నప్పుడు ఎందుకు పెట్టారో ముందు మీరు పూర్తిగా చెప్పి, విన్నాకే వాళ్లను తీయమనండి. నేను సగం చెప్పి ఊరుకున్నాను.

దవాఖానాలో నేను అడిగిన ప్రశ్న

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. అడవి పక్క ఊళ్లలో లైసెన్సు తుపాకులు అడవిలోవాళ్ల, అంటే నక్సలైట్ల, చేతికి పోతాయని పోలీసులు వాటిని పోగుచేసి ఠాణాల్లో పెట్టేవాళ్లు. ఎన్నికలొస్తే కూడా అంతే. రసీదు ఇచ్చి తీసుకునేవాళ్లు, నెలలు గడిచాక తిరిగి ఇచ్చేవాళ్లు. ఇది అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

దుమ్ముగూడెం అవతలి గూడెంలో సోడె ముత్తయ్య అని ఒక కోయ రైతు. మా నిగనిగలాడే కడ్డీతో ఆయన కొన్న తుపాకీ వానాకాలమంతా ఠాణాలో ఉండి తిరిగొచ్చింది. వచ్చిన మూడో రోజు తెల్లవారుతుండగా చేలో పందులు పడ్డాయి. ముత్తయ్య మందు పోసి దట్టించి పేల్చాడు. గొట్టం ఎడమచేతి దగ్గర చీలింది. మూడు వేళ్లు పోయాయి, ఎడమ చెవి వినబడకుండా పోయింది.

కబురు రాగానే వీరభద్రం గారు జీపు తీశారు. కంపెనీ లైసెన్సుకు ముప్పు వస్తుందని ఆయన భయం. నా గొట్టం ఎలా చీలుతుందని నా కోపం. ముందు వెళ్లి గొట్టం చూశాం. అడుగు భాగంలో, మందు కూర్చునే చోటే చీలింది. మా పనిలో దానికి అర్థం ఒకటే, మందు ఎక్కువైంది.

"రెండింతలకు ఆగిన గొట్టం ఇది" అన్నారు వీరభద్రం గారు. "అంటే మూడింతలు పోశాడన్నమాట." లెక్క సరిగ్గానే అనిపించింది నాకు.

భద్రాచలం దవాఖానాలో ముత్తయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతికి పెద్ద కట్టు. పక్కన భార్య సమ్మక్క. నేను మంచం కొసన నిలబడి అడిగాను, కూర్చోలేదు కూడా.

"ఎంత మందు పోసినవ్ ముత్తయ్యా?"

"ఒక్క కొలతే సారు. మీ కంపెనీ ఇచ్చిన ఇత్తడి గిన్నెతోనే."

"ఒక్క కొలతకు నా గొట్టం చీలదు. నిజం చెప్పు, నీకే మంచిది."

"నిజమే చెప్తున్న. ఒక్కటే పోసిన."

"కల్లు గిట్ల తాగి ఉన్నవా?"

ఈ మాట నేనే అడిగాను. వేళ్లు తెగి మంచం మీదున్న మనిషిని, పెళ్లాం ముందర. సమ్మక్క తలతిప్పి మొగుడి మొహం చూసింది. ముత్తయ్య ఇంక మాట్లాడలేదు. మాట్లాడకపోవడాన్ని నేను ఒప్పుకోవడం కింద రాసుకున్నాను.

ఆ రోజు అడగాల్సింది ఒకటే ఉంది. నువ్వు దట్టించకముందు ఈ తుపాకీ ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది? దవాఖానాలో గంటసేపు ఉన్నాను, ఆ ప్రశ్న నా నోటికి రాలేదు. ఆడవాళ్లు బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు చూపే పాటి శ్రద్ధ కూడా చూపలేదు. "వినియోగదారుడు నిర్ణీత కొలతకు మూడు రెట్లు మందు వాడినందువల్ల గొట్టం చీలినది" అని రాసి సంతకం పెట్టాను. పరీక్ష చేసిన మేస్త్రీ సంతకం కాబట్టి లైసెన్సులు ఇచ్చే ఆఫీసులో దానికి ఎదురులేదు. ముత్తయ్య లైసెన్సు రద్దయింది. ఆ గూడెంలో మిగతావాళ్ల లైసెన్సుల రెన్యూవల్ కూడా కొన్ని నెలలు ఆపేశారు. ఒక్కడి నిర్లక్ష్యానికి మేమంతా అనుభవిస్తున్నామని గూడెమంతా ఆయన మీద మండిపడింది. ముత్తయ్యకు కొత్త పేరు వచ్చింది, మూడు కొలతలోడు.

రబ్బరు స్టాంపు

ఏడాది గడిచింది. మళ్లీ ఎన్నికల హడావిడి. ఏదో కాగితం మీద సంతకం కోసం వీరభద్రం గారు నన్ను ఒక ఠాణాకు పంపారు. ఏ ఠాణాయో చెప్పను, అప్పట్లో ఎక్కడికి వెళ్లినా అదే తంతు. రైతులు తుపాకులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఠాణా కాగితాలు రాసే రైటరు ఒక్కో తుపాకీ తీసుకుని గోడకు ఆనించి, రసీదు మీద ఊదారంగు స్టాంపు గుద్ది ఇస్తున్నాడు. తొంగి చూశాను. "ఖాళీ తుపాకీ స్వీకరించడమైనది" అని ఉంది.

"ఖాళీ అని ఎట్ల చూస్తరు?" అని అడిగాను.

రైటరు మంచివాడే, నవ్వాడు. "చూసుడేంది సారు? దట్టించిన తుపాకి ఠాణాకెవడు తెస్తడు?"

వరసలోంచి ఒక ముసలాయన రసీదు తీసుకుని బయటికి వచ్చాడు. వెనకే వెళ్లాను. "తాతా, నీది ఖాళీయేనా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "దట్టించే ఉంది సారు. పంట మీదున్నప్పుడు దట్టించే ఉంచుతం గద. ఖాళీ జెయ్యాలంటె పేల్చాలె. పేలిస్తె ఇటోళ్లొస్తరు, అటోళ్లొస్తరు, ఎందుకు పేల్చినవని. ఎవలకని జవాబు చెప్పాలె?"

"మరి తిరిగిచ్చినంక?"

"అవ్, గప్పటికి ఠాణోళ్లు ఖాళీ జేసిస్తరు. కాగితం మీద రాసి ఉంటది గద."

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. వీళ్లు ఖాళీ చేసి తెచ్చారని ఠాణావాళ్లు అనుకుంటారు. ఠాణావాళ్లు ఖాళీ చేసి ఇచ్చారని వీళ్లు అనుకుంటారు. ఇద్దరి మధ్యా ఆ స్టాంపు. వానాకాలమంతా చెమ్మకు లోపలి మందు గడ్డకట్టి ఉంటుంది. దాని మీద ఇంకో కొలత పడుతుంది. నా పరీక్ష పొడి మందుతో చేసింది, గడ్డకట్టిన మందు మీద మరో దఫా దట్టించి చేసింది కాదు. ముత్తయ్య మూడు కొలతలు పోయలేదు, రెండు కూడా పోయలేదు. కడ్డీ మీద గీత ఉంటే అది పైకి లేచి కనబడేది, ఆయన చెయ్యి ఆయనకు ఉండేది.

అడవి పక్కన మోత మోగితే ఏమవుతుందో ప్రతి గూడెంలో అందరికీ తెలుసు. వాళ్ల కోసం తుపాకులు చేసే నాకు తెలియదు. అంత చదువురానివాణ్ని నేను.

లోపలికి వెళ్లి రైటరుకు చెప్పాను. "సీలు పడ్డది సారు, ఇగ ముట్టొద్దు" అన్నాడు. తుపాకీ తిరిగొచ్చాక మందు పోయవద్దనీ, ముందు నా దగ్గరికి తెమ్మనీ ముసలాయనకు రెండుసార్లు చెప్పి బస్సెక్కాను.

వీరభద్రం గారు అంతా విన్నారు. "ఫైలు మూసేశారు కదయ్యా. ఇప్పుడు కెలికితే మన కడ్డీల సంగతి బయటపడుద్ది." నేనింకా కడ్డీల మాట ఎత్తనేలేదు. ఆయన నోట్లో అది ముందే సిద్ధంగా ఉంది. దవాఖానాకు వెళ్లిన రోజునే ఆయనకు అనుమానం వచ్చిందని అప్పుడు అర్థమైంది. అయినా మూడింతలని నా చేత రాయించాడు. పండక్కి పెట్టిన బట్టలన్నీ తెచ్చి ఆయన మొహాన కొట్టాలనిపించింది.

నా సొంతంగా కాగితం రాసుకుని భద్రాచలంలో ఆ లైసెన్సుల ఆఫీసుకు వెళ్లాను. కుర్చీలో ఉన్నాయన పాత రిపోర్టు తీయించి పక్కన పెట్టుకుని చదివాడు. "అప్పుడు మూడింతలని రాసింది మీరే. ఇప్పుడు ఒకటే అంటున్నదీ మీరే. మేం దేన్ని నమ్మాలి?" అన్నాడు. ఆ మాట మీద నాకు కోపం రాలేదు, ఆయన స్థానంలో నేనున్నా అదే అడుగుతాను. కాగితం తీసుకున్నాడు. దాని మీద ఈ రోజు వరకు జవాబు లేదు. ముత్తయ్య లైసెన్సు తిరిగి రాలేదు. ఆ నెలలోనే నేను పని మానేశాను. అడిగినవాళ్లకు రిటైరయ్యానని చెబుతుంటాను.

గూడెంలో

ఎన్నికలయ్యాక, తుపాకులు తిరిగి ఇచ్చారని తెలిసిన వారం, దుమ్ముగూడెం బస్సెక్కాను. అక్కడి నుంచి నడక. సంచిలో ఖాదర్ సాబ్ గీత గీసిన పాత కడ్డీ, పని మానేసేటప్పుడు షెడ్డు నుంచి తెచ్చుకున్న మర ఉన్న కడ్డీ, ఒక ఆకురాయి.

ముత్తయ్య ఇంటి ముందు కూర్చుని బుట్ట అల్లుతున్నాడు. మిగిలిన రెండు వేళ్లతో వెదురు బద్ద నొక్కిపట్టి కుడిచేత్తో అల్లుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. నేను కింద కూర్చుని, ఠాణాలో చూసింది, కడ్డీ సంగతి, నేను రాసిన తప్పు, మొత్తం చెప్పాను. కుడి చెవి నా వైపు తిప్పి విన్నాడు.

"నాకు చెప్పుడెందుకు సారు? ఎన్ని పోసిన్నో నాకు ముందే ఎరుక. ఆళ్లకు చెప్పు" అని పటేల్ ఇంటి వైపు చూపించాడు.

పటేల్ అంటే ఆ గూడెం పెద్ద, పేరు జోగయ్య. మధ్యాహ్నానికి ఆయన వాకిట్లో గూడెం పోగైంది. సమ్మక్క ఆడవాళ్లతో వెనక నిలబడింది. నేను చెప్పడం మొదలుపెట్టగానే జోగయ్య చెయ్యెత్తి ఆపాడు.

"గప్పుడు మూడన్నవ్, గిప్పుడు ఒకటంటున్నవ్. కంపెనీ సారువి, నీ మాట ఎట్ల నమ్మాలె? మూడు కొలతలోడు నిన్ను బతిమాలుకున్నడా?"

ఒకరిద్దరు నవ్వారు. ముత్తయ్య తల దించుకోలేదు.

"నా మాట నమ్మొద్దు పటేలా. మీ తుపాకులు తీస్కరండి" అన్నాను.

అయిదు తుపాకులు తెచ్చి చాప మీద పెట్టారు. అన్నీ మా కంపెనీవే, అన్నిటికీ నిగనిగలాడే కడ్డీలే. గీత మునిగితే ఖాళీ, అంచు దగ్గర ఆగితే లోపల మందు ఉన్నట్టని అందరికీ వినబడేలా చెప్పి, పాత కడ్డీ తీశాను. మొదటి తుపాకీలో గీత మునిగింది. రెండోదాంట్లో మునిగింది. మూడోది జోగయ్యది. కడ్డీ టక్కున ఆగింది. గీత అంచు మీద ఉంది.

"ఇది ఎప్పుడు దట్టించిండ్రు?"

జోగయ్య వంగి అంచు మీది గీతను చూశాడు. "ఠాణాల ఇచ్చేముందు. నేనే దట్టించిన."

"రసీదు తీయండి."

ఆయన కోడలు లోపలికి వెళ్లి రసీదు తెచ్చి, నిలబడే చదివింది. ఖాళీ తుపాకీ.

"తెచ్చినంక మళ్లా మందు పోసిండ్రా?"

"లేదు. రేపు పోద్దామనుకున్న. జొన్నచేల పందులు పడుతున్నయి."

మరకడ్డీతో లోపలిది బయటికి తీసేసరికి చాలాసేపు పట్టింది. మందు గడ్డకట్టి, నల్లగా, రాయిలాగా వచ్చింది. దాన్ని జోగయ్య అరచేతిలో పెట్టాను. ఆయన వేళ్లతో నలపబోయాడు, నలగలేదు. ఒకసారి తన చేతిని చూసుకున్నాడు, తర్వాత ముత్తయ్య చేతిని చూశాడు. గడ్డ పక్కవాడి చేతికిచ్చాడు. అది ఒక చేతి నుంచి ఇంకో చేతికి జనమంతా తిరిగింది.

మిగిలిన రెండు తుపాకులూ ఖాళీయేనని చూశాక, నేను కూర్చుని అయిదు కడ్డీలకూ గీతలు గీయడం మొదలుపెట్టాను. వార్నిషు పొడి చాప మీద రాలుతోంది. ముత్తయ్య లేచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"సారు, నేనెన్ని కొలతలు పోసిన?"

"ఒక్కటే" అన్నాను.

"గట్టిగ చెప్పు. అందరికి ఇనబడాలె."

ఆకురాయి కింద పెట్టి లేచాను. "ముత్తయ్య పోసింది ఒక్క కొలతే. మూడని రాసిన తప్పు నాది" అని జనం వైపు తిరిగి చెప్పాను. సమ్మక్క వెనకెక్కడో ఉంది, ఆమె మొహం కనబడే చోటికి జరిగి మళ్లీ చెప్పాను.

సమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వంక చూసింది. "గీ మాట దవాఖానాల చెప్పాల్సింది సారు" అంది. "నేను గూడ ఈయన మాట నమ్మకపోతి."